నవ్వుతూ గీసిన ముఖాలు: బాలుర పాఠశాలల వీడ్కోలు సంచికల గురించి

(ఒక బాలుర గురుకుల జూనియర్ కళాశాలలో వీడ్కోలు సంచిక సంపాదకవర్గం ఎదుట ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికీ, తోటి ఉపాధ్యాయులకూ, ఈ ఏటి వీడ్కోలు సంచిక పనిని భుజాన వేసుకున్న సీనియర్ ఇంటర్ విద్యార్థులకూ నమస్కారం.

మొదట ఒక ముఖచిత్రం, అంటే వీడ్కోలు సంచికలో ఒక విద్యార్థి మీద తోటివాడు సరదాగా రాసే మాటల బొమ్మ, చదువుతాను. నేను పనిచేసిన బాలుర గురుకులంలో చాలా ఏళ్ల కిందట అచ్చయిన సంచికలోది ఇది. రాసినవాడు ఆ కుర్రవాడి పక్క మంచం మీద ఐదేళ్లు పడుకున్న స్నేహితుడు.

“ఇతడు ఐదేళ్లపాటు సూర్యోదయాన్ని భూగోళశాస్త్ర పుస్తకంలో మాత్రమే దర్శించాడు. వ్యాయామం గంట మోగినప్పుడు ఇతని దుప్పటి కదిలేది కాదు. పీఈటీ మాస్టారి ఈల వినబడినప్పుడు దుప్పటి కదిలేది, మనిషి కదిలేవాడు కాదు. మాస్టారి బూట్ల చప్పుడు వరండా చివర వినబడేసరికి మనిషీ, దుప్పటీ రెండూ మాయమయ్యేవి. ఇంతటి ఘనుడు సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లే రోజున మాత్రం తెల్లవారుజామున మూడు గంటలకే లేచి, గంట కొట్టే వాచ్‌మన్ తాతను తానే తట్టి లేపేవాడు. కనుక ఇతనిది నిద్ర జబ్బు కాదు, ఇంటి బెంగ అని మేము, వైద్యులం కాకపోయినా, ధ్రువీకరిస్తున్నాము.”

మీరు నవ్వారు. ఆ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగి నవ్వారు, అది నేను గమనించాను. గంట, ఈల, బూట్ల చప్పుడు అనే ఆ మూడు మెట్లు పక్క మంచం మీద పడుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ తెలియవు. తరగతిలో పాఠం చెప్పిన నాకు ఆ కుర్రవాడు ఆలస్యంగా వస్తాడని మాత్రమే తెలుసు, ఎందుకు ఆలస్యంగా వస్తాడో ఆ వాక్యాలు చదివేదాకా తెలియదు. పైకి నిందగా మొదలై లోపల ప్రేమగా తేలే ఈ పద్ధతిని మన ఆలంకారికులు వ్యాజస్తుతి అన్నారు, భక్తులు నిందాస్తుతి అన్నారు. దేవుణ్ణి తిట్టాలంటే దేవుడితో ఎంత చనువుండాలో, తోటి విద్యార్థిని అచ్చులో ఆట పట్టించాలంటే అంత చనువూ ఉండాలి. మీరు ఈ నెల రోజులు చేయబోయే పనికి అదే మొదటి అర్హత అని నేను నమ్ముతాను. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ చనువు గురించీ, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోవాలన్న దాని గురించీనే.

ఈ పని మనం కొత్తగా కనిపెట్టింది కాదు. దీన్ని ఒక సంప్రదాయంగా పెంచి పెద్దచేసినవి అమెరికాలోని బాలుర ప్రిపరేటరీ స్కూళ్లు. ఇంగ్లండులో ఆ మాటకు వేరే అర్థముంది. అక్కడ అది పదమూడేళ్ల లోపు పిల్లలను పెద్ద బడికి తయారుచేసే చిన్న బడి. అమెరికాలో మాత్రం కళాశాల ప్రవేశానికి సిద్ధం చేసే ప్రైవేటు ఉన్నత పాఠశాలను అలా అంటారు, వాటిలో పేరున్నవి చాలావరకు మన గురుకులాల్లాగే అక్కడే ఉండి చదువుకునే బడులు. మసాచుసెట్స్‌లోని ఆండోవర్‌లో 1778లోనూ, న్యూ హాంప్‌షైర్‌లోని ఎక్సెటర్‌లో 1781లోనూ ఫిలిప్స్ కుటుంబం వారు నెలకొల్పిన రెండు అకాడమీలు దాదాపు రెండు వందల ఏళ్లు మగపిల్లలకే చదువు చెప్పాయి. ఎక్సెటర్ 1970లో, ఆండోవర్ 1973లో ఆడపిల్లలను చేర్చుకున్నాయి. ఆ బడుల్లో చివరి ఏడాది చదివేవారిని సీనియర్లంటారు. వాళ్లు వెళ్లిపోయే ముందు తమ తరగతి మొత్తాన్ని ఒక పుస్తకంలోకి ఎక్కించి వెళతారు. దాన్నే ఇయర్‌బుక్ అంటారు.

ఆ పుస్తకాలకు వాళ్లు పెట్టుకున్న పేర్లు చూస్తే నాకు ముచ్చటగా ఉంటుంది. ఆండోవర్ వారి పుస్తకం పేరు ‘పాట్ పూరీ’, న్యూజెర్సీలోని లారెన్స్‌విల్ స్కూలు వారిది ‘ఓయా పోద్రీదా’. మొదటిది ఫ్రెంచి మాట, రెండోది స్పానిష్ మాట. రెండింటికీ అక్షరార్థం ‘కుళ్లిన కుండ’, వాడుకలో మాత్రం దొరికిన మాంసమూ కూరగాయలూ అన్నీ ఒకే కుండలో వేసి ఉడికించిన వంటకం. మనకు వేల మైళ్ల దూరంలో ఉన్న ఆ రెండు బడుల పిల్లలు తమ తరగతికి పెట్టుకున్న పేరు మన భాషలో ఒక్క మాటలో చెప్పాలంటే కలగూరగంప. ఒకే డార్మిటరీలో ఇన్నేళ్లు కలిసి ఉడికినవారికి అంతకంటే సరిపోయే పేరు ఉండదు.

తొలి ఇయర్‌బుక్‌గా సాధారణంగా లెక్కించేది యేల్ కళాశాలలో 1806లో పట్టా పుచ్చుకున్న తరగతివారిది. అప్పటికి ఫొటోగ్రఫీ లేదు కనుక అందులో ఉన్నవి నల్లటి నీడబొమ్మలు: ముక్కు, గడ్డం, నుదురు, జుట్టు ఇవన్నీ ఒకే గీతలో కనిపించేట్టు పక్కనుంచి తీసినవి. కళ్లు కనబడవు, రంగు కనబడదు, అయినా తెలిసినవారు చూడగానే ఇతడు ఫలానా అని పోల్చుకోగలరు. మన తోలుబొమ్మలాటలో తెర మీద నీడ పడగానే బంగారక్క వచ్చిందో జుట్టుపోలిగాడు వచ్చాడో చిన్నపిల్లవాడు కూడా చెప్పగలడు కదా, అలాగన్నమాట. తరువాత ఫొటోలు వచ్చాయి, ఫొటో కింద పేరూ ఊరూ వచ్చాయి, ఆటలూ పదవులూ చేరాయి, ఒక కవి పంక్తి చేరింది, చివరికి ఒక పేరా హాస్యం చేరింది. నా దృష్టిలో ఫొటో వచ్చాక కూడా ఆ నీడబొమ్మ ఎక్కడికీ పోలేదు. ఫొటో కింది పేరాలోకి మారింది. మంచి హాస్య ముఖచిత్రం ఇప్పటికీ నీడబొమ్మే. అది మనిషినంతా చెప్పదు. ఒక్క అంచు గీస్తుంది, ఆ అంచును బట్టే మనిషిని పోల్చుకుంటాం.

ఆ పుస్తకాల్లో ముఖచిత్రాలు ఒక్కటే కాదు, వాటి చుట్టూ ఇతర వినోదాలు కూడా ఉంటాయి. సీనియర్లు ఓట్లు వేసుకుని బిరుదులు పంచుకుంటారు: అందగాడు, తిండిపుష్టి గలవాడు, ఎక్కువ శబ్దం చేసేవాడు, జీవితంలో అందరికంటే పైకి వచ్చేవాడు. పాతికేళ్ల తరువాత ఎవరు ఏమవుతారో చెప్పే తరగతి జోస్యం ఉంటుంది. తమ అలవాట్లనూ, తమ మూల బెంచీలనూ, తమ దొంగదారులనూ జూనియర్లకు రాసిచ్చే తరగతి వీలునామా ఉంటుంది. మన వీడ్కోలు సభల్లో ఇచ్చే ‘టైటిల్స్’ కూడా ఈ కోవలోవే.

ఈ బిరుదుల సంగతిలో నేను ఎన్నిసార్లు చదివినా తనివి తీరని ఉదంతం ఒకటుంది. కనెటికట్ రాష్ట్రంలోని వాలింగ్‌ఫర్డ్‌లో 1896లో మొదలైన చోట్ అనే బాలుర పాఠశాలకు 1931లో ఒక పిల్లవాడు వచ్చాడు. అతని అన్న అప్పటికే అక్కడ చదువుతూ చదువులోనూ ఫుట్‌బాల్‌లోనూ పేరు తెచ్చుకుంటున్నాడు. 1933లో అన్న బడి విడిచి వెళ్లేటప్పుడు ఆ రెండింటిలోనూ మేటిగా నిలిచినవాడికి ఇచ్చే బహుమతి అందుకున్నాడు. తమ్ముడు బక్కపలచగా ఉండేవాడు, తరచుగా జబ్బుపడి బడి ఆసుపత్రి గదిలో ఉండేవాడు. ఆ బక్కముఖాన్ని చూసి తోటివారు ఎలుక ముఖమని పేరు పెట్టారు. గది చిందరవందర, వస్తువులు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు, తరగతికి ఆలస్యం. ఒకనాడు హెడ్‌మాస్టరు జార్జ్ సెయింట్ జాన్ ప్రార్థన సమావేశంలో బడి ప్రమాణాలకు తగని పిల్లలను ‘మక్కర్లు’ అని మందలించారు. పెంట ఎత్తేవాళ్లని ఆ మాటకు అర్థం. ఆ మందలింపును ఈ కుర్రవాడూ అతని స్నేహితులూ బిరుదుగా స్వీకరించి, మక్కర్ల క్లబ్బు అని ఒకటి పెట్టుకుని, గుర్తుగా చిన్న పారల బొమ్మలు చేయించుకున్నారు. సంగతి హెడ్‌మాస్టరుకు తెలిసింది, బడి నుంచి తీసివేసేదాకా వచ్చింది, అప్పట్లో అమెరికా ప్రభుత్వం స్టాక్ మార్కెట్లను అదుపు చేయడానికి కొత్తగా పెట్టిన సంస్థకు అధ్యక్షుడుగా ఉన్న తండ్రి పనులు మానుకుని బడికి రావలసివచ్చింది. చివరికి క్లబ్బు రద్దయింది, కుర్రవాడు మిగిలాడు. 1935లో 112 మంది ఉన్న తరగతిలో 64వ స్థానంతో బడి ముగించాడు.

ఆ ఏడాది ఇయర్‌బుక్‌కు వ్యాపార వ్యవహారాలు చూసినవాడు ఆ కుర్రవాడే. జీవితంలో అందరికంటే పైకి వచ్చేవాడు ఎవరన్న ప్రశ్నకు ఎక్కువ ఓట్లు పడింది కూడా ఆ కుర్రవాడికే. స్నేహితులు లోపాయికారీగా ఓట్లు మార్చుకుని ఆ బిరుదు ఇప్పించారని జీవిత చరిత్రకారులు రాశారు. మార్కుల జాబితా తెలిసినవాడికీ, పారల బొమ్మల సంగతి తెలిసినవాడికీ ఆ బిరుదు చూడగానే నవ్వు రాకుండా ఉండదు. ఆ కుర్రవాడి పేరు జాన్ ఎఫ్. కెనెడీ. పాతికేళ్ల తరువాత, 1960లో, ఆయన అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు.

ఈ ఉదంతాన్ని చాలామంది జోస్యం ఫలించిన కథగా చెబుతారు. నాకు అందులో కనిపించేది వేరు. వ్యాజస్తుతికి మన శాస్త్రంలో రెండు ముఖాలున్నాయి: నిందలా కనిపించే స్తుతి ఒకటి, స్తుతిలా కనిపించే నింద ఒకటి. ఆ బిరుదు రెండో రకంగా పుట్టింది. కానీ ఓట్లు కూడగట్టినవారు ఆ బిరుదు ఎవరికైనా ఇప్పించవచ్చు, ఆ తరగతిలో మొదటి స్థానంలో ఉన్నవాడికే ఇప్పించవచ్చు. ఇతనికే ఎందుకు ఇప్పించాలనుకున్నారు? మందలింపును బిరుదుగా మార్చుకోగలిగినవాడి వెనుక పదిమంది నడుస్తారని ఆ పిల్లలకు తెలుసు. హెడ్‌మాస్టరు కోపంతో చూసిన గుణాన్నే వాళ్లు నవ్వుతూ చూశారు. ఆ నవ్వులో మార్కుల జాబితాకు అందని ఒక గమనింపు ఉంది. ముఖచిత్రం రాసేవాడికి కావలసింది ఆ గమనింపే.

ఇక చనువు దారి తప్పే చోటు గురించి. అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం ప్రిపరేటరీ స్కూలు కాదు గాని, అక్కడి ఇయర్‌బుక్ ‘హోవిట్జర్’ కూడా తోటివారు రాసే చమత్కారపు ముఖచిత్రాలకు పెట్టింది పేరు. అక్కడి 1915 తరగతిలో 164 మంది పట్టభద్రులైతే వారిలో 59 మంది తరువాత జనరల్ హోదాకు చేరారు. ఆ సంచికలో, తరువాత అమెరికా అధ్యక్షుడైన డ్వైట్ ఐసెన్‌హోవర్ మీద ఒక ముఖచిత్రం ఉంది. అందులో ఒక వాక్యం ఫుట్‌బాల్ గురించి: ఎంతో ఎదుగుతాడనుకున్న ఆటగాడు, కానీ టఫ్ట్స్ కళాశాలతో ఆడిన ఆట ఇతని మోకాలినీ, ఆ ఆశనూ కలిపి విరిచేసింది, ఇక టీ, కబుర్లు, కూర్చుని ఆడే చిన్నపిల్లల ఆటలే మిగిలాయి, వాటిలో మాత్రం ఇతడు ఆరితేరాడు అని. ఒకే క్రియకు మోకాలినీ ఆశనూ రెండింటినీ కర్మగా తగిలించిన ఆ నేర్పు చూడండి. గాయపడ్డ స్నేహితుడి దుఃఖాన్ని దాచకుండానే అతణ్ణి నవ్వించే వాక్యం అది. అదే ముఖచిత్రంలో మరొక మాట ఉంది. అతణ్ణి భయంకరమైన స్వీడిష్ యూదుడని పరిచయం చేశారు. ఆయన కుటుంబం జర్మన్ మూలాల వారిది. ఆయన స్వీడన్‌వాడూ కాదు, యూదుడూ కాదు. ఒక జాతి పేరే నవ్వు పుట్టించడానికి చాలుననుకున్న రోజుల్లో పుట్టిన మాట అది. మోకాలి వాక్యం నూరేళ్లు దాటినా నిలిచింది. ఈ మాట మాత్రం ఇవాళ చదివితే ముఖం తిప్పుకోవాలనిపిస్తుంది. మొదటిది అతని జీవితంలో జరిగిన దాని నుంచి వచ్చింది. రెండోది అతనితో ఏ సంబంధమూ లేకుండా బయట దొరికినది తెచ్చి అతికించింది. కులం పేరుతో, రంగు పేరుతో, ప్రాంతం యాసతో, నత్తితో నవ్వించాలని మీలో ఎవరికైనా అనిపిస్తే, ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఇంకా దగ్గరి కాలపు సంగతి. మేరీలాండ్‌లో ఉన్న జార్జ్‌టౌన్ ప్రిపరేటరీ స్కూలు 1789లో మొదలైన జెస్యూట్ క్రైస్తవ గురువుల బడి, ఇప్పటికీ బాలుర పాఠశాలే. ఇప్పుడు అమెరికా సుప్రీంకోర్టులో న్యాయమూర్తులుగా ఉన్న ఇద్దరు అక్కడ రెండేళ్ల తేడాతో చదువుకున్నారు. వారిలో నీల్ గోర్సచ్ 1985 సంచికలో తన పేరు కింద, లేని ఒక ఫాసిజం క్లబ్బుకు తానే వ్యవస్థాపక అధ్యక్షుణ్ణని రాసుకున్నారు. అది తరగతిలో వాదాలకు దిగే స్నేహితుల మధ్య నడిచిన హాస్యమనీ, అటువంటి క్లబ్బు ఎప్పుడూ లేదనీ 2017లో బడి వారు చెప్పవలసి వచ్చింది. 2018 సెప్టెంబరులో రెండోవారైన బ్రెట్ కవనా నియామకంపై సెనేట్ విచారణ జరిగినప్పుడు 1983 సంచికలో ఆయన పేజీని సెనేటర్లు ముందు పెట్టుకుని ఒక్కొక్క పొట్టి మాటకూ అర్థం అడిగారు. ఆ సంచికలో పక్క బడిలో చదివిన ఒక అమ్మాయి పేరును పలువురు అబ్బాయిలు తమ పేజీల్లో వాడుకున్నారు. అది స్నేహభావంతో, ఆమెను మాలో ఒకరిగా అనుకుని రాసినదేనని ఆయన అన్నారు. ఆ మాటలు అచ్చయ్యాయన్న సంగతే ఆమెకు ముప్పై అయిదేళ్ల దాకా తెలియదు. తెలిసినప్పుడు అవి తనను బాధించాయని ఆమె చెప్పారు. ఆ విచారణలో తీర్పు చెప్పడం నా పని కాదు. సంపాదకవర్గంగా మీకు అక్కరకు వచ్చేది ఒక్కటే: ఆ పేజీ కూర్చిన గదిలో ఆ అమ్మాయి లేదు. మగపిల్లలు మాత్రమే ఉన్న గదిలో, తెల్లవారుజామున రెండు గంటలకు, చాలా తమాషాగా తోచిన మాటకు ఆ గదిలో లేని మనిషి సమాధానం చెప్పలేదు. మన బడి కూడా మగపిల్లల బడే. మీ చెల్లెళ్లూ, ఎదురు వీధి బాలికల కళాశాల పిల్లలూ, వంటమనుషులూ, ఊళ్లో టీకొట్టు ఆయనా మన గదిలో లేరు. వారిని మన నవ్వులోకి లాగే హక్కు మనకు లేదు.

మన దగ్గరకు వస్తే, బాలుర కోసం ఇలా ఒకే ప్రాంగణంలో ఉంచి చదివించే ప్రభుత్వ బడులు తెలుగు నేల మీద మరీ పాతవి కావు. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలు 1962లో మొదలైంది. జాతీయ రక్షణ అకాడమీకి పిల్లలను సిద్ధం చేయడమే దాని పని కనుక ‘ప్రిపరేటరీ’ అన్న మాట దానికి అక్షరాలా సరిపోతుంది. 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల విద్యాలయం మొదలైంది. అయిదారేళ్లు ఒకే కప్పు కింద పెరిగిన పిల్లలకు ఒకరి గురించి ఒకరికి తెలిసినంత వారి తల్లిదండ్రులకు కూడా తెలియదు. ఈ తెలిసినతనమే మన సంచికలకు పెట్టుబడి.

తెలిసినతనం కూడా ఒక్కోసారి చాలదు. అది నేను చేసిన ఒక పొరపాటు వల్ల నేర్చుకున్నాను. నేను సంచిక బాధ్యత చూసిన తొలి ఏళ్లలో ఒక కుర్రవాడి మీద ముఖచిత్రం వచ్చింది. మెస్‌లో సాయంత్రం ఇచ్చే పల్లీపట్టీలను అతడు తినేవాడు కాదు. ఎవరికైనా రికార్డు పుస్తకంలో బొమ్మలు వేసిపెడితే ఒక పట్టీ, లెక్కలు ఎత్తిరాసి ఇస్తే రెండు పట్టీలు పుచ్చుకుని ట్రంకు పెట్టెలో దాచేవాడు. పెట్టెకు తాళం వేసేవాడు. ‘పల్లీపట్టీల వడ్డీ వ్యాపారి’ అని శీర్షిక పెట్టి, అతని ధరల పట్టికను వరుసగా ఇచ్చి, ‘ఇతని పెట్టెకు చీమలు కూడా పూచీకత్తు ఇచ్చి ప్రవేశించాలి’ అని ముగించారు. చక్కగా రాశారు. నేను చదివి నవ్వి సంతకం పెట్టాను. వీడ్కోలు రోజున కొడుకు పెట్టె మోసుకుపోవడానికి అతని తండ్రి వచ్చాడు. సంచిక ఆయన చేతికి ఎవరో ఇచ్చారు. నా పక్కనే నిలబడి నెమ్మదిగా కూడబలుక్కుని చదివాడు. చదివి, ఎవరి మీదా ఏ కోపమూ లేకుండా, “అదా సంగతి. మేము చూడ్డానికొచ్చిన ప్రతిసారీ చెల్లెళ్లకిమ్మని కాగితంలో చుట్టి ఇచ్చేవాడండీ, బడిలో అన్ని పట్టీలు పెడతారేమో అనుకున్నాం” అన్నాడు.

ఆ పిల్లలు అబద్ధం రాయలేదు. వాళ్లు చూసింది నిజమే. ధరల పట్టిక నిజమే, తాళం నిజమే. ఎందుకు దాస్తున్నావురా అని ఒక్క మాట ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అడిగి ఉంటే ఆ ముఖచిత్రం పాడయ్యేది కాదు. ధరల పట్టిక అంతా అలాగే ఉండేది, చీమలూ ఉండేవి, చివర చెల్లెళ్లు వచ్చేవారు. సూర్యోదయం కుర్రవాడి చిత్రంలో చివర ఇల్లు ఎలా వచ్చిందో అలాగే వచ్చేది, ఆ తండ్రి నా పక్కన నిలబడి మరొక రకంగా నవ్వేవాడు. ఆ ఏడాది నుంచి నేను ఒక ఏర్పాటు చేశాను. ప్రతి ముఖచిత్రం చిత్తుప్రతిని, అచ్చుకు పంపే ముందు, ఎవరి గురించి రాశారో అతడే పదిమందిలో నిలబడి పైకి చదవాలి. చదివి నవ్వితే కింద సంతకం పెడతాడు. నవ్వకపోతే, ఎందుకని అతణ్ణి నిలదీయకుండా, రాసినవాడు ఇంకొకటి రాసుకొస్తాడు. చదువుతూ చదువుతూ గొంతు ఎక్కడ తగ్గిందో వినండి. పిల్లలు నొచ్చుకున్నా నవ్వేస్తారు, మగపిల్లలు మరీను. నవ్వు నమ్మకండి, గొంతును నమ్మండి.

ఈ ఏర్పాటు వల్ల హాస్యం చప్పబడుతుందని మీలో కొందరి ముఖాల్లో అనుమానం కనిపిస్తోంది. అలా జరగలేదు. అది మొదలుపెట్టిన రెండో ఏడాది వచ్చిన ఒక ముఖచిత్రం చదువుతాను, లెక్కల్లో గట్టివాడైన ఒక విద్యార్థి మీద రాసినది.

“మన మెస్ సాంబారు గుండిగలో మునక్కాడ ముక్కలు అడుగున ఉండుననియూ, నీరు పైన ఉండుననియూ అందరికీ తెలుసు. గుండిగ ఖాళీ అయ్యే కొలదీ గరిటె అడుగుకు చేరుననియూ, అయితే చివరికి ముక్కలే మిగలవనియూ కనిపెట్టినవాడు ఇతడొక్కడే. రెండు వారాలు అన్నం మానుకుని లెక్కవేసి, వరుసలో నూట పదో వాడికి నూట ముప్పయ్యో వాడికి మధ్య నిలబడితే గరిష్ఠ ఫలితమని తేల్చాడు. ఈ సిద్ధాంతాన్ని రహస్యంగా ఉంచి ఉంటే ఐదేళ్లూ ముక్కలు తినేవాడు. నల్లబల్ల మీద నిరూపణతో సహా రాసి అందరికీ వివరించాడు. మరునాటి నుంచి మొదటి వంద స్థానాల్లో నిలబడేవారే కరువై వడ్డన అరగంట ఆలస్యమైంది. ఇతడు ఇప్పటికీ ఉత్త నీళ్లే తాగుతున్నాడు. జ్ఞానం దాచుకోని గురువుకు దక్కిన దక్షిణ ఇది.”

ఇందులో అతని గుణాన్ని పొగిడే విశేషణం ఒక్కటీ లేదు, గమనించండి. తెలివైనవాడని, ఉదారుడని, అమాయకుడని ఎక్కడా అనలేదు. గుండిగ, గరిటె, నల్లబల్ల, వరుస ఉన్నాయి. వాటిని చూసి మనమే ఆ మూడు మాటలూ అనుకుంటాం. ‘అందరితో కలుపుగోలుగా ఉంటాడు, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు’ అని మీకు వచ్చిన చిత్తుప్రతుల్లో సగానికి పైగా రాసి ఉంటుందని నాకు అనుభవం చెబుతోంది. ఆ వాక్యం మీ తరగతిలో ఎవరికైనా సరిపోతుంది. ఎవరికైనా సరిపోయేది ఎవరిదీ కాదు. అటువంటిది వస్తే రాసినవాడిని పిలిచి, ఇతడు బకెట్టు ఎలా పట్టుకుంటాడు, ఉత్తరం వచ్చిన రోజు ఎక్కడికి వెళ్లి చదువుకుంటాడు, పరీక్ష ముందు రోజు ఏం తింటాడు అని అడగండి. జవాబు చెబుతున్నప్పుడు వాడి ముఖంలో నవ్వు పుట్టిన చోటునే రాయమనండి.

ఎవరూ గమనించని కుర్రవాడు ప్రతి తరగతిలో ఒకరో ఇద్దరో ఉంటారు. వారి చిత్తుప్రతులు ఆఖరున వస్తాయి, లేదా రావు. వాటిని మాత్రం సంపాదకవర్గం వారు స్వయంగా తీసుకోవాలి. ఒక వారం అతని పక్కన కూర్చుని భోంచేయండి. నేను చూసినంతలో ఆ సంచికల్లో అన్నిటికంటే మంచి ముఖచిత్రాలు అలా ఆలస్యంగా వచ్చినవే.

ఇక మిగిలింది మీ సంగతి. సంపాదకుల ముఖచిత్రాలు సంపాదకులు రాసుకోకూడదు, వారి స్నేహితులు కూడా రాయకూడదు. మా బడిలో ఆ పనిని గంట కొట్టే వాచ్‌మన్ తాతకు అప్పగించేవాళ్లం. ఆయన చెప్పేవాడు, నేను కాగితం మీద పెట్టేవాణ్ణి. ఒక ఏడాది ప్రధాన సంపాదకుడు చాలా బుద్ధిమంతుడు; ఐదేళ్లలో ఒక్క శిక్ష పడలేదు, ఒక్క ఫిర్యాదు లేదు. ఇతని గురించి ఏం చెబుతావు తాతా అని అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, పక్కనే ఉన్న ఆ కుర్రవాడి వంక చూసి నవ్వి చెప్పింది ఇది:

“ఈ బాబు ఎప్పుడూ గోడ దూకలేదయ్యా. దూకినోళ్ల చెప్పులు పట్టుకుని ఇవతల నిలబడేవోడు.”

కుర్రవాడు పైకి చదివాడు, సంతకం పెట్టాడు.